నడుము కొలత, నాడి లయ

(నగరపాలక సంస్థ ఆరోగ్య అవగాహన సభలో సోలాపూర్ తెలుగువారిని ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



నేను వైద్యుణ్ణి కాను, అనువాదకుణ్ణి. ఆరోగ్య విభాగం మరాఠీలో తయారుచేసే కరపత్రాలను మన వాడకట్టులో చదివి అర్థం చేసుకోదగిన తెలుగులోకి తేవడం నా ఉద్యోగం. మందుల సంగతి, చికిత్స సంగతి ఇక్కడ ఆసీనులైన వైద్యాధికారులు చెబుతారు. శరీరంలో కొవ్వు ఏ చోట చేరుతుంది, ఆ చోటుకూ గుండె లయకూ సంబంధం ఏమిటి అన్న రెండు ప్రశ్నలకు మాత్రం నా పరిధిలో సమాధానం చెప్పే ప్రయత్నం చేస్తాను.

ముందుగా ఒక మాట గురించి విన్నవిస్తాను. తెలుగులో 'వాడికి కొవ్వెక్కింది' అంటే ఒంట్లో కొవ్వు పెరిగిందని ఎవరూ అనుకోరు, పొగరెక్కిందని అనుకుంటారు. మన పొరుగున ఉన్న కన్నడిగులు 'కొబ్బు' అనే మాటను ఇదే విధంగా రెండర్థాలలో వాడతారు. మరాఠీలోనూ ఉర్దూలోనూ 'చర్బీ' ఎక్కిందన్నా అదే నింద. మన నగరంలో వినిపించే ఈ నాలుగు భాషలూ కొవ్వును మనిషి గుణదోషంగా చూడటంలో ఏకమయ్యాయి. ఇంకొక వైపు, పెళ్ళయిన ఏడాదికి అల్లుడు కాస్త ఒళ్ళు చేస్తే అత్తవారింట సంతోషిస్తారు. బొజ్జ వస్తే కలిమి వచ్చిందంటారు. నిందించినా మెచ్చుకున్నా ఫలితం ఒకటే: ఎవరూ కొలత తీసుకోరు. ఈ రోజు కొవ్వును నిందగానూ మెప్పుగానూ కాక, శరీరంలోని ఒక ధాతువుగా చూద్దాం.

కొవ్వు వృథా పదార్థం కాదు. అది ఆకలి రోజులకు దాచుకున్న ఇంధనం, చలికి కప్పిన దుప్పటి, అవయవాలకు దెబ్బ తగలకుండా వేసిన మెత్త. అయితే శరీరం ఈ నిల్వను ఒకే గాదెలో పోయదు. తొడలు, పిరుదులు, చేతుల మీద చర్మం కింద కొంత నిల్వ చేస్తుంది. ఇది వేలితో పట్టుకుంటే దొరికే కొవ్వు. పొట్ట లోపల, పేగుల చుట్టూ, కాలేయం పరిసరాలలో ఇంకొంత నిల్వ చేస్తుంది. ఇది చేతికి దొరకదు, నడుము చుట్టుకొలతను మాత్రం పెంచుతుంది. మూడో నిల్వ గురించి సామాన్యులకు బొత్తిగా తెలియదు. అది గుండె కండరం మీదనే, గుండెను కప్పిన పొర లోపల ఉంటుంది.

ఈ చోట్ల మధ్య భేదం ఉందని స్పష్టంగా చెప్పినవాడు ఫ్రాన్స్ దేశంలోని మార్సెయ్ నగర వైద్యుడు జాన్ వాగ్. 1947లో ప్రచురించిన వ్యాసంలో ఆయన స్థూలకాయాన్ని రెండు రకాలుగా విభజించాడు. పై దేహంలో, పొట్టలో కొవ్వు చేరేది పురుష రకం. తుంటి, తొడలలో చేరేది స్త్రీ రకం. మధుమేహం, రక్తనాళాల జబ్బులు ఎక్కువగా మొదటి రకం వారినే పట్టుకుంటాయని ఆయన గమనించాడు. స్త్రీలకు ముట్లుడిగే వయసు వరకు కొవ్వు ఎక్కువగా తుంటి, తొడల వైపు సాగుతుంది. ఆ తర్వాత అది పొట్టకు మళ్ళుతుంది. 'కాన్పుల పొట్టే కదా' అని యాభై దాటిన అక్కలు తేలికగా తీసుకోవడం అందుకే మంచిది కాదు.

వాగ్ చెప్పినదానికి బలమైన రుజువు చాలాకాలం తర్వాత వచ్చింది. 52 దేశాలలో, సుమారు 27 వేల మందిని పరిశీలించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం స్థూలకాయంపై ఫలితాలను 2005లో వెల్లడించింది. గుండెపోటు ముప్పును ఎత్తు, బరువుల నిష్పత్తి కంటే నడుము, తుంటి కొలతల నిష్పత్తి మెరుగ్గా సూచించిందని అది తేల్చింది.

ఇక మన దగ్గరకు వద్దాం. సోలాపూర్ నుంచి పుణే ఎంతో దూరం కాదు. అక్కడి కె.ఇ.ఎం. ఆసుపత్రి పరిశోధన కేంద్రానికి చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ 2004లో లాన్సెట్ పత్రికలో ఒక చిన్న రచన ప్రచురించారు. దానితోపాటు ఒక ఛాయాచిత్రం ఉంది. అందులో ఒకరు యాజ్ఞిక్, మరొకరు ఆయన సహరచయిత, బ్రిటన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఇద్దరి ఎత్తు, బరువుల నిష్పత్తి, అంటే బి.ఎం.ఐ., సరిగ్గా ఒకటే: 22.3. తూకం చూసినవారు ఇద్దరినీ ఆరోగ్యవంతులే అంటారు. కొవ్వు శాతం కొలిస్తే యుడ్కిన్‌కు 9.1, యాజ్ఞిక్‌కు 21.2 వచ్చింది. ఒకే బరువున్న ఇద్దరిలో భారతీయుడి ఒంట్లో కొవ్వు రెట్టింపు పైన ఉంది. చూపుకు సన్నం, లోపల కొవ్వు అనే ఈ దేహస్వభావం భారతీయులలో విరివిగా కనిపిస్తుందని యాజ్ఞిక్ పరిశోధనలు చెబుతున్నాయి. ఈ కారణంగానే మన దేశపు వైద్యనిపుణులు హద్దులను దించారు. చాలా దేశాలలో బి.ఎం.ఐ. 25 దాటితే అధిక బరువు, 30 దాటితే స్థూలకాయం. మనకు 23 దగ్గర అధిక బరువు, 25 దగ్గర స్థూలకాయం మొదలవుతాయి.

కాళ్ళూ చేతులూ సన్నగా ఉండి, చొక్కా గుండీలు పొట్ట దగ్గర మాత్రం బిగిసిపోయే మనిషి మన మరమగ్గాల వాడలో ప్రతి సందులోనూ కనిపిస్తాడు. 'నేను లావు కాదు కదా' అని ఆయన ధీమా. నా నేటి ప్రసంగం ముఖ్యంగా ఆయన కోసమే.

ఇప్పుడు గుండె లయకు వద్దాం. గుండె రోజుకు సుమారు లక్ష సార్లు కొట్టుకుంటుంది. దానికి పైన రెండు గదులు, కింద రెండు గదులు ఉంటాయి. పైవి కర్ణికలు, కిందివి జఠరికలు. కుడి కర్ణిక పైభాగంలో సైనస్ నోడ్ అనే చిన్న కణసముదాయం ఉంది. అక్కడ పుట్టిన విద్యుత్ సంకేతం ముందు కర్ణికలను, తర్వాత జఠరికలను వరుసగా కదిలిస్తుంది. మన నాడిలో వినవచ్చే తాళం అదే.

లయ తప్పే జబ్బులు అనేకం. వాటిలో దీర్ఘకాలం వేధించేదిగా అత్యధికంగా కనిపించేది ఏట్రియల్ ఫిబ్రిలేషన్. ఇందులో సైనస్ నోడ్ మాట చెల్లదు. కర్ణికల గోడలలో నిమిషానికి 350 నుంచి 600 వరకు సంకేతాలు చెల్లాచెదురుగా పరుగెత్తుతాయి. కర్ణికలు ముడుచుకోవడం మాని వణుకుతూ ఉండిపోతాయి. ఆ సంకేతాలలో కొన్ని మాత్రమే, అవీ ఒక క్రమం లేకుండా, కింది గదులకు చేరతాయి. నాడి ఒకసారి త్వరగా, ఒకసారి ఆలస్యంగా, ఒకసారి బలంగా, ఒకసారి నీరసంగా కొట్టుకుంటుంది.

కరపత్రం అనువదించేటప్పుడు దీనికి 'గుండె దడ' అని రాస్తే సరిపోతుందని తోచవచ్చు. సరిపోదు. భయం వేసినా, మెట్లెక్కినా, చాయ్ ఎక్కువ తాగినా దడ వస్తుంది. దడలో వేగం పెరుగుతుంది కాని తాళం చెడదు. ఈ జబ్బులో తాళమే చెడుతుంది. పైగా చాలామందికి దడ అనిపించదు. ఆయాసం, అలసట, తల తిరగడం వంటివి ఉంటే ఉంటాయి, లేకపోతే అవీ ఉండవు. అందుకే 'గుండె లయ తప్పడం' అనే మాటను నేను వాడుతున్నాను.

ఏ బాధా లేకపోతే ఇక భయమెందుకు అని మీరు అడగవచ్చు. కర్ణిక సరిగ్గా ముడుచుకోకపోతే అందులోని రక్తం పూర్తిగా కదలదు. ఎడమ కర్ణికకు చెవి ఆకారంలో ఒక చిన్న సంచి ఉంటుంది. నిలిచిన నెత్తురు అందులో గడ్డకడుతుంది. ఆ గడ్డ తెగి రక్తప్రవాహంలో పడితే నేరుగా మెదడుకు చేరగలదు. అదే పక్షవాతం. ఈ లయదోషం ఉన్నవారికి పక్షవాతపు ముప్పు దాదాపు ఐదు రెట్లని అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 1948 నుంచి సాగుతున్న హృదయ అధ్యయనం 1991లో తెలియజేసింది. నేతపని చేసే మనిషికి కుడిచేయి పడిపోతే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో ఈ సభకు నేను వివరించనక్కరలేదు. కొందరికి తమ గుండె లయ తప్పిందన్న సంగతి ఆసుపత్రిలో, పక్షవాతం వచ్చిన రోజునే తెలుస్తుంది.

కొవ్వుకూ ఈ లయదోషానికీ మధ్య దారులు మూడు.

మొదటిది, పీడనం దారి. ఒళ్ళు పెరిగినకొద్దీ శరీరంలో తిరగవలసిన రక్తపు పరిమాణం పెరుగుతుంది. రక్తపోటు కూడా పెరుగుతుంది. ఆ భారం వెనక్కి తన్ని ఎడమ కర్ణికను సాగదీస్తుంది. సాగిన కర్ణిక గోడలో విద్యుత్తు తిన్నగా ప్రవహించదు. అదే ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం 2004లో ఈ సంగతిని లెక్కలతో చూపింది. బి.ఎం.ఐ. ఒక్కొక్క అంకె పెరిగేకొద్దీ లయదోషపు ముప్పు సుమారు 4 శాతం పెరిగింది. ఎడమ కర్ణిక పరిమాణాన్ని లెక్కలోకి తీసుకున్నప్పుడు మాత్రం స్థూలకాయానికి విడిగా మిగిలిన ప్రభావం దాదాపు కనిపించలేదు. అంటే బరువు చాలావరకు కర్ణికను సాగదీయడం ద్వారానే పని చేస్తున్నదన్నమాట.

రెండోది, నిద్ర దారి. మెడ చుట్టూ, గొంతు లోపల కొవ్వు చేరినవారికి నిద్రలో శ్వాసమార్గం మాటిమాటికీ మూసుకుపోతుంది. పెద్దగా గురక, మధ్యలో కొన్ని క్షణాల నిశ్శబ్దం, తర్వాత ఉలిక్కిపడినట్టు ఊపిరి అందుకోవడం దాని గుర్తులు. ఆ ప్రతిసారీ రక్తంలో ప్రాణవాయువు తగ్గుతుంది, రక్తపోటు ఎగబాకుతుంది, ఛాతీలోని ఒత్తిడి మారి కర్ణిక సాగుతుంది. రాత్రికి పదులసార్లు, ఏళ్ళ తరబడి ఇదే తంతు. 'మా ఆయన గురక వాడకట్టంతా వినిపిస్తుంది' అని నవ్వుకునే అక్కలు ఆ మాట ఒకసారి డాక్టరు గారి చెవినా వేయాలి.

మూడోది, గుండె మీది కొవ్వు దారి. కాలి కండరానికీ దాని మీది కొవ్వుకూ మధ్య ఒక పొర అడ్డుగా ఉంటుంది. గుండె కండరానికీ దాని మీది కొవ్వుకూ నడుమ అలాంటి అడ్డుపొర లేదు. రెండింటికీ ఒకే సూక్ష్మ రక్తనాళాలు. మితంగా ఉన్నప్పుడు ఈ కొవ్వు గుండెకు ఇంధనం అందించి మేలు చేస్తుంది. మితిమీరితే వాపు పుట్టించే రసాయనాలను నేరుగా పక్కనున్న కండరంలోకి వదులుతుంది. కొవ్వు కణాలు కండరపు పోగుల మధ్యకు చొరబడతాయి, అక్కడ మచ్చకట్టిన ధాతువు పెరుగుతుంది. పడుగు సాఫీగా ఉంటేనే నాడె జారుతుంది. పోగుల మధ్య జిగురు ముద్దలు కట్టితే నాడె తట్టుకుని ఆగిపోతుంది, పక్కకు తొలగుతుంది. కర్ణిక గోడలో విద్యుత్ సంకేతానికి పట్టే గతి అదే.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. 2010లో ఫ్రామింగ్‌హామ్ పరిశోధకులు స్కానింగ్ ద్వారా గుండె చుట్టూ ఉన్న కొవ్వును, పొట్ట లోపలి కొవ్వును వేరువేరుగా కొలిచారు. వయసు, రక్తపోటు, బి.ఎం.ఐ. మొదలైనవాటిని లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా గుండె చుట్టూ ఉన్న కొవ్వుకు లయదోషంతో సంబంధం నిలిచింది. పొట్ట లోపలి కొవ్వుకు అలా విడిగా సంబంధం నిలవలేదు. అయితే నడుము కొలవడం ఎందుకు? గుండె మీది కొవ్వును చూడాలంటే స్కానింగ్ యంత్రం కావాలి. పొట్టలో కొవ్వు పేరుకున్న మనిషికి సాధారణంగా గుండె మీదా కొవ్వు పేరుకుంటుంది. రక్తపోటుకూ మధుమేహానికీ పొట్ట కొవ్వే తలుపు తీస్తుంది, ఆ రెండూ లయదోషానికి కారణాలే. కాబట్టి నడుము కొలత మన చేతికి అందే ఆనవాలు.

సన్నని నడుము ఉన్నవారికి అభయం ఇచ్చినట్టు కూడా కాదు. వయసు పైబడటం, అధిక రక్తపోటు, థైరాయిడ్ అతిగా పనిచేయడం, మద్యం, గుండె కవాటాల జబ్బు వల్ల సన్ననివారికీ లయ తప్పుతుంది. చిన్నతనంలో గొంతునొప్పి తర్వాత కీళ్ళవాతపు జ్వరం వచ్చి కవాటం ఇరుకైనవారికి మన దేశంలో నడివయసు రాకముందే ఈ లయదోషం కనిపిస్తుంది. అటువంటి చరిత్ర ఉన్నవారు నడుముతో నిమిత్తం లేకుండా పరీక్ష చేయించుకోవాలి.

ఇక ఆచరణ. రెండు కొలతలు నేర్చుకుని వెళదాం.

మొదటిది నడుము కొలత. ప్యాంటు నడుము అంకె దీనికి పనికిరాదు, ఎందుకంటే పొట్ట పెరిగినవారు ప్యాంటును పొట్ట కిందికి దించి కట్టుకుంటారు. పక్కన చివరి పక్కటెముక అంచునూ తుంటి ఎముక పై అంచునూ వేలితో తడిమి చూడండి. ఆ రెండింటికీ సరిగ్గా మధ్యన దర్జీ టేపును నేలకు సమాంతరంగా చుట్టండి. పొట్ట లోపలికి లాగకుండా, మామూలుగా ఊపిరి వదిలిన తర్వాత అంకె చూడండి. భారతీయ పురుషులకు 90 సెంటీమీటర్లు, అంటే సుమారు ముప్పై అయిదున్నర అంగుళాలు. స్త్రీలకు 80 సెంటీమీటర్లు, అంటే సుమారు ముప్పై ఒకటిన్నర అంగుళాలు. అది హద్దు. టేపు లేనివారికి మన ఇళ్ళలో నూలుపోగుకు కొదువ లేదు. మీ ఎత్తుకు సమానంగా పోగు తెంపి, సగానికి మడిచి, నడుము చుట్టూ తిప్పండి. కొసలు కలవకపోతే నడుము ఎత్తులో సగాన్ని దాటిందని అర్థం. నడుము ఎత్తులో సగానికి లోపలే ఉండాలని బ్రిటన్ జాతీయ ఆరోగ్య మార్గదర్శకాలు 2022లో సూచించాయి.

రెండోది నాడి. అయిదు నిమిషాలు కూర్చుని నెమ్మదించండి. అరచేయి పైకి తిప్పి, బొటనవేలి మొదట్లో మణికట్టు మీద రెండో చేతి చూపుడు, నడిమి వేళ్ళను ఆనించండి. బొటనవేలితో చూడకూడదు, దాని సొంత నాడి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఒక నిమిషం పాటు లెక్కించండి. లెక్క 60 నుంచి 100 లోపు ఉందా అని చూడండి, తాళం సమంగా ఉందా అని ఇంకా శ్రద్ధగా చూడండి. ఎప్పుడో ఒక దెబ్బ తప్పడం చాలామందిలో ఉంటుంది. ఏ దెబ్బకూ ఆ దెబ్బకూ పొంతన లేకుండా సాగితే అది ఇ.సి.జి. తీయించవలసిన సూచన. యాభై దాటినవారు, రక్తపోటు లేదా మధుమేహం ఉన్నవారు నెలకొకసారి ఇలా చూసుకోవడం మంచి అలవాటు. మగ్గం మోత మారగానే, చూడకుండానే పోగు తెగిందని చెప్పగల చెవులు మనవారివి. ఆ చెవిని తమ ఒంటి వైపు కూడా ఒక నిమిషం తిప్పమని కోరుతున్నాను.

లయ వచ్చీ పోతూ ఉండేవారికి ఒక్క ఇ.సి.జి.లో అది పట్టుబడకపోవచ్చు. అప్పుడు డాక్టరు ఒకరోజంతా నమోదు చేసే యంత్రం అమర్చమంటారు. 'ఒకసారి తీశారు, ఏమీ లేదన్నారు' అని మానుకోవద్దు. జబ్బు ఉందని తేలినవారిలో ముప్పును బట్టి రక్తం గడ్డకట్టకుండా మందు ఇస్తారు. బాధ లేదు కదా అని ఆ మందును సొంతంగా ఆపడం అత్యంత ప్రమాదకరం. మూతి ఒక పక్కకు వంకరపోయినా, ఒక చేయి వాలిపోయినా, మాట తడబడినా ఉప్పు నీళ్ళు, తైల మర్దనాలతో పొద్దుపుచ్చక వెంటనే 108కి ఫోన్ చేయాలి. గడ్డను కరిగించే మందుకు సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు.

బరువు తగ్గితే లయ కుదుటపడుతుందా? ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరంలో లయదోషం ఉండి అధిక బరువున్న 355 మందిని కొన్నేళ్ళు పరిశీలించి 2015లో ఫలితాలు ప్రచురించారు. బరువులో 10 శాతం, అంతకు మించి తగ్గి నిలబెట్టుకున్నవారు లయదోషం లేకుండా ఉండే అవకాశం మిగతావారికంటే ఆరు రెట్లు ఎక్కువని తేలింది. ఎనభై కిలోల మనిషికి అది ఎనిమిది కిలోలు. ఆ అధ్యయనంలోనే ఇంకొక పాఠం ఉంది: తగ్గుతూ మళ్ళీ పెరుగుతూ ఊగిసలాడినవారికి ఆ మేలు చాలావరకు చేజారింది. పండుగ ముందు పదిరోజుల పస్తు కంటే ఏడాది పొడుగునా పాటించగల చిన్న మార్పు మేలు.

ఆ మార్పుకు మన వంటిల్లు పరాయిది కాదు. జొన్నరొట్టె, ఆకుకూర, పప్పు మన ఇంటి తిండే. ఎసరు పెట్టవలసింది నూనెకు, చక్కెరకు, షిఫ్టు మధ్యలో వరుసగా తాగే తీపి చాయ్‌కి, దానితో నంజుకునే భజ్జీలకు. పల్లీల పొడి మంచిదే, కాని అది నంజుడుగా ఉండాలి, కూరగా మారకూడదు. మగ్గం దగ్గర పన్నెండు గంటలు నిలబడ్డవారు 'నాకు వ్యాయామం అక్కరలేదు' అంటారు. నిలబడటం అలసట ఇస్తుంది, గుండెకు నడక ఇచ్చే మేలు ఇవ్వదు. రోజంతా మఠం వేసుకుని బీడీలు చుట్టే అక్కలకు లేచి నాలుగడుగులు వేసే తీరికే ఉండదు. వెయ్యి బీడీల లెక్క ఎంత బరువైనదో నాకు తెలుసు. అయినా గంటకొకసారి లేవడం, సాయంత్రం ఇద్దరు ముగ్గురు కలిసి అరగంట చురుగ్గా నడవడం సాధ్యమయ్యే పనులే. మద్యం తగ్గించడం కాదు, లయ తప్పినవారు మానేయడమే మంచిది. రక్తపోటును మందుతో అయినా సరే అదుపులో ఉంచుకోవాలి.

మన పెద్దలు కరీంనగర్, వరంగల్, పాలమూరు ప్రాంతాల నుంచి ఈ నగరానికి చేతిపనిని నమ్ముకుని వచ్చారు. కొలత తప్పని చేయి వారి ఆస్తి. దుప్పటి పొడవు ఒక్క అంగుళం తగ్గితే ఒప్పుకోని మనం సొంత నడుము అంగుళాలను ఇన్నాళ్ళూ లెక్కలోకి తీసుకోలేదు. సభ ముగిశాక ఆరోగ్య విభాగం వారి బల్ల దగ్గర టేపూ, రక్తపోటు యంత్రమూ సిద్ధంగా ఉన్నాయి. ఇంటికి వెళ్ళేముందు ప్రతి ఒక్కరూ తమ నడుము కొలత, నాడి లెక్క ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళవలసిందిగా ప్రార్థన. రాని పెద్దలు ఇంట్లో ఉంటే, ఈ రాత్రి వారి మణికట్టు మీద కూడా రెండు వేళ్ళు ఆనించి చూడండి.